వారధిలో అనునాదం

పాఠ్యభాగ నేపథ్యం

భౌతికశాస్త్రాన్ని తెలుగులో చెప్పడం కష్టమన్న అభిప్రాయం విద్యార్థిలోకంలో బలంగా ఉంది. అయితే తెలుగు పారిభాషిక పదాలలో చాలామటుకు వాటి అర్థాన్ని అవే విప్పి చెప్పగలవు. జూబ్లీహిల్స్ అంచున దుర్గం చెరువుపై నిర్మించిన వంతెనను ఆధారం చేసుకొని కంపనం, అనునాదం, అవరోధం అనే మూడు భావనలను ఈ పాఠం పరిచయం చేస్తుంది.

పాఠ్యభాగం

హైదరాబాదు నగరంలో జూబ్లీహిల్స్, ఫిలింనగర్ అనగానే తెలుగువారికి ముందుగా స్ఫురించేది చలనచిత్ర రంగం. మద్రాసు నుంచి తరలివచ్చిన తెలుగు సినిమాకు ఈ కొండలు స్థిరనివాసమయ్యాయి. స్టూడియోలు, డబ్బింగ్ థియేటర్లు, పాటల రికార్డింగ్ గదులు, వాటిని నమ్ముకొని జీవించే కుటుంబాలు ఇక్కడ ఎన్నో ఉన్నాయి. ఈ కొండలకు పడమటి అంచున, రాతిగుట్టల నడుమ దుర్గం చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ కోటకు తాగునీరు అందించిన చెరువుగా దీనికి ప్రసిద్ధి. చెరువుకు ఒక వైపు జూబ్లీహిల్స్, మరొక వైపు మాదాపూర్. ఒకటి సినిమాల ఊరు, రెండవది కంప్యూటర్ల ఊరు. ఈ రెండింటి నడుమ చాలాకాలం వరకు చెరువును చుట్టి పోయే దారులే గతి.

2020 సెప్టెంబర్ 25న ఈ చెరువు మీద వంతెన ప్రారంభమైంది. చెరువులో ఒక్క స్తంభమైనా పాతకుండా, ఇరుదరులా లేచిన పైలాన్ల నుంచి 56 స్టే కేబుళ్ళు వంతెన భారాన్ని పట్టి ఉంచుతాయి. పైలాన్ల మధ్య దూరం 233.85 మీటర్లు. రాత్రివేళ ఆ కేబుళ్ళ మీద రంగురంగుల దీపాలు వెలిగినప్పుడు చెరువు నీటిలో వాటి ప్రతిబింబాలు చూడముచ్చటగా ఉంటాయి. ప్రారంభమైన తొలి రోజులలో సందర్శకుల తాకిడి ఎంతగా ఉండేదంటే, వారాంతాలలో వాహనాలను నిలిపివేసి వంతెనను నడిచేవారికే విడిచిపెట్టవలసి వచ్చింది.

ఇటువంటి వంతెనల కాలిబాట మీద నిలుచున్నవారు, బరువైన వాహనమేదైనా పక్కనుంచి పోతున్నప్పుడు పాదాల కింద సన్నని అదురును గమనిస్తారు. కొందరు ఆ అదురుకు బెదురుతారు. ఇంత సొమ్ము పోసి కట్టిన వంతెన కదలడమేమిటని సందేహిస్తారు. సందేహం సహజమే కాని భయం అనవసరం. కదలని వంతెన లోకంలో లేదు. వంతెన కదలడం లోపం కాదు. ఆ కదలిక ఎంత త్వరగా చల్లారుతుంది, చల్లారకుండా పెరిగే అవకాశమేదైనా ఉన్నదా అన్నవే ఇంజనీర్లు ఆలోచించే విషయాలు.

సంస్కృతంలో ‘వారిధి’ అంటే సముద్రం. తెలుగు వాడుకలో ‘వారధి’ సముద్రాన్ని దాటించే వంతెనగా మారింది. దాటవలసిన దాని పేరు దాటించే దానికి వచ్చి చేరడం భాషలో జరిగే చిత్రాలలో ఒకటి. ‘అనునాదం’ అన్న పదానికి అటువంటి మలుపులేవీ లేవు. ‘అను’ అంటే వెంట, అనుసరించి అని అర్థం. నాదం అంటే ధ్వని. ఒక నాదాన్ని అనుసరించి పుట్టే మరొక నాదమే అనునాదం. శాస్త్రగ్రంథాలలో ఈ పదాన్ని వాడినవారు ఎంతో ఔచిత్యంతో వాడారు.

శ్రుతి చేసిన రెండు తంబురాలను దగ్గరదగ్గరగా ఉంచి, ఒకదాని తీగను మీటితే రెండవ తంబురాలో అదే శ్రుతికి బిగించిన తీగ ఎవరూ ముట్టుకోకుండానే సన్నగా పలుకుతుంది. శ్రుతి కలవని తీగ మాత్రం మౌనంగా ఉండిపోతుంది. సంగీతం తెలిసిన ప్రతి కుటుంబానికీ ఇది అనుభవంలో ఉన్న విషయమే. ప్రతి తీగకూ దానిదైన ఒక లయ ఉంటుంది. దానినే సహజ పౌనఃపున్యం అంటారు. ఒక సెకనులో ఎన్ని మార్లు కంపిస్తుందో చెప్పే సంఖ్య అది. బయటి నుంచి వచ్చే ప్రేరణ ఆ సంఖ్యతో సరిపోలితే, అది ఎంత చిన్నదైనా తీగను మేల్కొలుపుతుంది.

తీగకే కాదు, ఉయ్యాలకూ ఈ నియమమే వర్తిస్తుంది. అట్లతద్దినాడు చెట్టుకొమ్మకు కట్టిన ఉయ్యాలను ఊపే ఆడపిల్లలు భౌతికశాస్త్రం చదవవలసిన పనిలేదు. ఉయ్యాల వెనుకకు వచ్చి, తిరిగి ముందుకు మరలే క్షణంలోనే తోయాలని వారికి తెలుసు. ఆ క్షణాన తోసిన చిన్న తోపు కూడా ఊపును పెంచుతుంది. వేళ తప్పి తోస్తే పెద్ద బలం కూడా ఉయ్యాలను ఆపివేస్తుంది. అనునాదంలో బలం కంటె వేళ ముఖ్యం.

వంతెన కూడా ఒక విధమైన ఉయ్యాలే. దాని సహజ పౌనఃపున్యాన్ని రెండు గుణాలు నిర్ణయిస్తాయి. మొదటిది బిగువు, రెండవది బరువు. బిగువు పెరిగితే కంపనాల వేగం పెరుగుతుంది. బరువు పెరిగితే ఆ వేగం తగ్గుతుంది. ములుగు జిల్లాలో కాకతీయుల కాలం నాటి లక్నవరం చెరువు మీది వేలాడే వంతెనను విహారయాత్రలలో చూసిన విద్యార్థులకు ఈ భేదం సులభంగా బోధపడుతుంది. అది తేలికైనది, బిగువు తక్కువైనది. పదిమంది నడిస్తే చాలు, అది ఊగుతున్నట్లు తెలుస్తుంది. దుర్గం చెరువు వంతెన ఆ కోవకు చెందదు. దానిని ఇంజనీర్లు ఎక్స్‌ట్రాడోస్డ్ వంతెన అంటారు. కేబుళ్ళు ఉన్నప్పటికీ భారమంతా వాటి మీదనే వేయరు. వాహనాలు నడిచే కాంక్రీటు దూలాన్ని బోలుపెట్టె ఆకారంలో దళసరిగా నిర్మిస్తారు. పైలాన్ల ఎత్తును తగ్గిస్తారు. దూలం, కేబుళ్ళు కలిసి బరువును పంచుకుంటాయి. అందువల్ల వాహనాలు వచ్చిపోయేటప్పుడు కేబుళ్ళ బిగువులో కలిగే హెచ్చుతగ్గులు కూడా స్వల్పంగా ఉంటాయి.

వంతెనలకు అనునాదం చేసే కీడును లోకం మొదట సైనికుల కవాతులో గుర్తించింది. ఇంగ్లండులో మాంచెస్టర్ సమీపాన బ్రౌటన్ వద్ద 1831 ఏప్రిల్ 12న 74 మంది సైనికులు ఒక వేలాడే వంతెన మీదుగా కవాతు చేస్తూ వస్తున్నారు. తమ అడుగులకు అనుగుణంగా వంతెన ఊగడం వారికి వేడుకగా తోచింది. అడుగు తప్పకుండా మరింత ఉత్సాహంగా నడిచారు. వంతెన ఒక కొస కూలి దాదాపు నలభై మంది నదిలో పడ్డారు. అదృష్టవశాత్తు ప్రాణనష్టం జరగలేదు. విచారణలో ఒక బోల్టు లోపభూయిష్టంగా ఉన్నట్లు తేలింది. అంటే కవాతు ఒక్కటే వంతెనను కూల్చలేదు. లోపం ముందే ఉంది, కవాతు దానిని బయటపెట్టింది. ఆ సంఘటన తరువాత వంతెనలు దాటేటప్పుడు సైనికులు అడుగులు కలపరాదన్న ఆజ్ఞ వాడుకలోకి వచ్చింది.

ఆ ఆజ్ఞ అన్నివేళలా ఫలించలేదు. ఫ్రాన్సులోని ఆంజే నగరంలో 1850 ఏప్రిల్ 16న గాలివానలో ఒక సైనికదళం వేలాడే వంతెనను దాటుతోంది. అడుగులు కలపవద్దని వారికి చెప్పారు. అయినా గాలికి అప్పటికే ఊగుతున్న వంతెన మీద నిలదొక్కుకోవడానికి, ప్రతి సైనికుడూ ఆ ఊపుకు తగినట్లుగానే అడుగు వేయవలసివచ్చింది. ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే అందరి అడుగులూ ఒక్కటయ్యాయి. తుప్పుపట్టిన తీగలు తెగి వంతెన కూలింది. రెండు వందలకు పైగా సైనికులు మరణించారు. మనిషి వంతెనను ఊపడం బ్రౌటన్‌లో కనిపించింది. వంతెనే మనిషిచేత తన లయకు అడుగు వేయించడం ఆంజేలో కనిపించింది. రెండవ సంగతి మొదటి దానికంటె సూక్ష్మమైనది. దాని ప్రాముఖ్యం పూర్తిగా తెలియడానికి మరి నూటయాభై ఏళ్ళు పట్టింది.

అది తెలుసుకోవడానికి ముందు అవరోధం అంటే ఏమిటో గ్రహించాలి. ఉయ్యాలను తోయడం మానివేస్తే అది క్రమంగా నెమ్మదించి ఆగిపోతుంది. గాలి తాకిడి, కొమ్మకూ తాడుకూ మధ్య ఒరిపిడి దాని శక్తిని కొంచెం కొంచెంగా హరిస్తాయి. ఈ హరణమే అవరోధం. ఇంజనీర్లు డ్యాంపింగ్ అనేది దీనినే. పాఠ్యపుస్తకాలలో కనిపించే ‘అవరుద్ధ డోలనాలు’ అంటే ఈ విధంగా క్షీణించే ఊపులు. తాళాలు మోగించే కళాకారుడు ధ్వని చాలుననుకున్నప్పుడు వాటిని అరచేతులతో అదిమి పట్టడం కూడా అవరోధమే. ఫిలింనగర్‌లో డబ్బింగ్ థియేటర్‌లోకి అడుగుపెట్టినవారికి గోడలనిండా మెత్తని ఫోమ్ పలకలు కనిపిస్తాయి. నటుని కంఠధ్వని గోడలకు తగిలి తిరిగి మైకులో పడకుండా అవి ఆ శబ్దశక్తిని తమలో ఇముడ్చుకుంటాయి. అది అత్యల్పమైన వేడిగా మారి అదృశ్యమవుతుంది. వంతెనల కంపనశక్తికి కూడా చివరికి గతి అదే. కాంక్రీటులోని సూక్ష్మమైన ఒరిపిడులలో, కీళ్ళలో, బేరింగులలో అది వేడిగా మారాలి. మారే దారి లేకపోతే వంతెనలోనే పోగుపడుతుంది.

ఎంత అవరోధం ఉన్నదన్నదాన్ని ఇంజనీర్లు శాతాలలో చెబుతారు. ఒక శాతం అవరోధమున్న కట్టడాన్ని ఒకమారు కదిపి వదిలితే, సుమారు 11 ఊపులలో దాని కదలిక సగానికి తగ్గుతుంది. అదే అవరోధం ఒక శాతంలో పదోవంతు మాత్రమే అయితే సగానికి తగ్గడానికి సుమారు 110 ఊపులు కావాలి. అనునాద స్థితిలో ఈ భేదం మరింత తీవ్రంగా వ్యక్తమవుతుంది. నిశ్చలంగా నిలిచిన ఒక బలం వంతెనను ఎంత వంచుతుందో, అదే బలం వంతెన లయకు సరిగ్గా తగిన వేళలలో పనిచేస్తూ పోతే ఒక శాతం అవరోధం వద్ద దానికి 50 రెట్లు వంచుతుంది. అవరోధాన్ని ఐదు శాతానికి పెంచితే ఆ 50 రెట్లు 10 రెట్లకు దిగివస్తుంది. వంతెనకు పిసరంత బలాన్ని కూడా అదనంగా చేర్చకుండానే అపాయాన్ని ఐదోవంతుకు తగ్గించడం ఇది. దృఢత్వమే రక్షణ అని సామాన్యంగా అనుకుంటారు. శక్తి బయటికి పోయే దారి ఉండడం కూడా అంతటి రక్షణే అని ఈ లెక్క చెబుతుంది.

లండన్ నగరంలో థేమ్స్ నదిపై 325 మీటర్ల పొడవున నడిచేవారి కోసం నిర్మించిన మిలీనియం వంతెన ఈ లెక్కను లోకానికి కళ్ళకు కట్టించింది. 2000 జూన్ 10న దానిని ప్రజలకు తెరిచారు. తొలినాడే వేలాది మంది వచ్చారు. కొద్దిసేపటికే వంతెన పక్కలకు ఊగసాగింది. నడుస్తున్నవారు కాళ్ళు ఎడం చేసి, కటకటాలను పట్టుకొని నిలువవలసి వచ్చింది. రెండు రోజులకే, జూన్ 12న, దానిని మూసివేశారు.

ఆ వంతెన బలహీనమైనది కాదు. మనుషుల బరువును అది సునాయాసంగా మోయగలదు. నడిచేవారు పైకీ కిందికీ కలిగించే అదురును నిర్మాతలు లెక్కలోకి తీసుకొనే ఉన్నారు. లెక్కలోకి రానిది పక్కలకు తోసే బలం. మనిషి సాధారణంగా సెకనుకు రెండడుగులు వేస్తాడు. కుడికాలు ఒక పక్కకు, ఎడమకాలు మరొక పక్కకు నేలను కొద్దిగా తోస్తాయి. కనుక పక్కల తోపు సెకనుకు ఒకసారి పూర్తవుతుంది. ఆ వంతెన పక్కలకు ఊగే సహజ లయలలో ఒకటి దానికి చేరువలో ఉంది. మొదట ఏదో స్వల్పమైన ఊపు పుట్టింది. అది తెలియగానే నడిచేవారు తూలిపోకుండా ఆ ఊపుకు తగినట్లు అడుగు మార్చారు. ఆ అడుగులు ఊపును పెంచాయి. పెరిగిన ఊపు మరికొందరి అడుగులను తనలో కలుపుకుంది. అక్కడ సైనికులు లేరు, ఆజ్ఞలు లేవు. సెలవురోజున కుటుంబాలతో వచ్చిన సామాన్యులే తెలియకుండా కవాతు చేశారు. ఆంజేలో జరిగినదే మళ్ళీ జరిగింది.

తరువాత చేసిన ప్రయోగాలలో ఒక విచిత్రం బయటపడింది. వంతెన మీద మనుషుల సంఖ్యను క్రమంగా పెంచుతూ పోయారు. ఒక భాగంలో సుమారు 160 మంది వరకు చెప్పుకోదగిన ఊపు లేదు. ఆ సంఖ్య దాటగానే ఊపు హఠాత్తుగా విజృంభించింది. అంతవరకు వంతెనలోని సహజమైన అవరోధం మనుషులు ఇస్తున్న శక్తిని ఎప్పటికప్పుడు హరిస్తూ వచ్చింది. ఆ పరిమితి దాటాక ఇచ్చేది హరించే దానికంటె ఎక్కువైంది. జమకూ ఖర్చుకూ మధ్య ఉండే సంబంధమే ఇక్కడా ఉంది.

నివారణకు రెండు మార్గాలు ఉన్నాయి. వంతెన బిగువును పెంచి దాని లయను మనుషుల నడకకు దూరంగా తీసుకుపోవడం ఒకటి. అలా చేస్తే సన్నని ఆ వంతెన రూపురేఖలే మారిపోతాయి. అందుచేత రెండవ మార్గాన్ని ఎంచుకున్నారు. 37 ద్రవ డ్యాంపర్లను, 52 ట్యూన్డ్ మాస్ డ్యాంపర్లను అమర్చారు. మొదటి రకంలో ముషలకం చిక్కని ద్రవంలో కదులుతూ కంపనశక్తిని వేడిగా మారుస్తుంది. మోటారు సైకిలు షాక్ అబ్జార్బర్ చేసే పని ఇంచుమించు ఇదే. రెండవ రకంలో స్ప్రింగుల మీద నిలిపిన బరువును వంతెన లయకే శ్రుతి చేస్తారు. వంతెన ఊగబోతే ఆ బరువు ఎదురుగా ఊగి శక్తిని తనవైపు లాక్కుంటుంది. అనునాదాన్ని అణచడానికి అనునాదాన్నే నియోగించడం ఇందులోని చమత్కారం. 2002 ఫిబ్రవరి 22న వంతెనను తిరిగి తెరిచారు. ఆనాటి నుంచి ఆ ఊపు మళ్ళీ తలెత్తలేదు.

అనునాదం ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా అమెరికాలోని టకోమా వంతెనను ఉదాహరించడం పరిపాటి. అయితే ఈ ఉదాహరణను జాగ్రత్తగా వాడాలి. 853 మీటర్ల ప్రధాన భాగంతో 1940 జూలై 1న ప్రారంభమైన ఆ వంతెన మొదటి నుంచీ గాలికి అలలవలె లేచి పడేది. జనం దాని మీద ప్రయాణించడాన్ని వినోదంగా భావించి దూరప్రాంతాల నుంచి వచ్చేవారు. దానికి ‘గాలపింగ్ గెర్టీ’ అని ముద్దుపేరు పెట్టారు. 1940 నవంబర్ 7 ఉదయం గంటకు సుమారు 65 కిలోమీటర్ల గాలి వీస్తుండగా ఒక కేబుల్ పట్టీ జారింది. అప్పటివరకు పైకీ కిందికీ ఊగుతున్న వంతెన ఉన్నట్టుండి మెలితిరగడం ప్రారంభించింది. దాదాపు గంటసేపు మెలికలు తిరిగి నీటిలో కూలింది. మనుషులెవరూ మరణించలేదు. కారులో చిక్కుకుపోయిన ఒక కుక్క మాత్రం ప్రాణం కోల్పోయింది.

ఆ దృశ్యాన్ని స్థానికంగా కెమెరాల దుకాణం నడిపేవారు చిత్రీకరించారు. తరతరాల విద్యార్థులు తరగతి గదులలో చూసిన చిత్రం అదే. 1998లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దానికి స్థానం లభించింది. సినిమావారి పేటలో చదువుకొనే విద్యార్థులు ఈ చిత్రం విషయంలో తప్పక తెలుసుకోదగిన సంగతి ఒకటి ఉంది. దానిని సెకనుకు 16 ఫ్రేముల వేగంతో తీశారు. ఆ తరువాత వీడియో ప్రతులు తయారు చేసినవారు సెకనుకు 24 ఫ్రేముల లెక్కన నడిపించారు. ఫలితంగా తెరమీద అంతా ఒకటిన్నర రెట్ల వేగంతో కనిపించింది. వంతెన నిజంగా మెలితిరిగింది నిమిషానికి సుమారు 12 మార్లు. తెరమీద అది 18 మార్లయింది. ఎడిటింగ్ బల్లముందు కూర్చున్న సహాయకుడికి కూడా తెలిసే ఈ పొరపాటు తరగతి గదులలో ఎన్నో ఏళ్ళపాటు ఎవరి కంటా పడలేదు.

అంతకంటె పెద్ద పొరపాటు వ్యాఖ్యానంలో జరిగింది. గాలి తరగల లయ వంతెన లయతో కలవడం వల్ల అనునాదం పుట్టి వంతెన కూలిందని ఎన్నో పుస్తకాలు రాశాయి. వంతెన అంచులను దాటిన గాలి సుడులుగా విడిపోయే లయను లెక్కిస్తే అది సెకనుకు దాదాపు ఒకటిగా తేలుతుంది. వంతెన మెలితిరిగినదేమో ఐదు సెకన్లకు ఒకసారి. రెండు లయలకూ పొత్తు కుదరలేదు. 1991లో బిల్లా, స్కాన్లన్ అనే శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని విపులంగా చర్చించి, అక్కడ జరిగినది మరొక ప్రక్రియ అని వివరించారు. దానిని ఫ్లట్టర్ అంటారు.

ఈ భేదాన్ని గ్రహించడానికి తంబురాను వదిలి ఫిడేలును చూడాలి. ఫిడేలు కమాను తీగ మీద ఒకే తీరున సాగుతుంది. దానికి లయ లేదు. అయినా తీగ తన లయలో పలుకుతూనే ఉంటుంది. తీగ తన కదలికతోనే కమాను నుంచి శక్తిని వంతులవారీగా లాక్కుంటుంది. టకోమాలో గాలి కమాను వంటిది, వంతెన తీగ వంటిది. వంతెన మెలితిరిగిన ప్రతిసారీ గాలికి ఎదురయ్యే దాని ఆకారం మారింది. మారిన ఆకారం మీద గాలి ఆ మెలికను పెంచే దిక్కుకే ఒత్తింది. శక్తిని హరించవలసిన అవరోధం శక్తిని ఇచ్చేదిగా తలకిందులైంది. శాస్త్రజ్ఞులు దీనిని ఋణాత్మక అవరోధం అన్నారు. వాకిట నిలిచి దొంగను ఆపవలసిన కాపలావాడే తలుపు తీసినట్లయింది. రెండున్నర మీటర్లయినా లేని పలుచని ఉక్కు పలకలతో పక్కలు మూసి, అంత పొడవైన వంతెనను కట్టడం అందుకు తావిచ్చింది. 1950లో అదే చోట తెరిచిన కొత్త వంతెనకు గాలి చొరబడి పోయేలా పది మీటర్ల లోతైన ఉక్కు జల్లెడ దూలాలను అమర్చారు. టకోమా అనంతరం పెద్ద వంతెనల నమూనాలను గాలిగొట్టాలలో పరీక్షించడం ఆచారమైంది.

బరువైన కాంక్రీటు దూలమున్న వంతెనలకు అటువంటి మెలికల బెడద అంతగా లేదు. వాటిలో జాగ్రత్త కోరేవి కేబుళ్ళు. సన్నగా, పొడవుగా, గట్టిగా బిగించి ఉండే కేబుల్ నిజానికి మహాతంబురా తీగే. దానిలో సహజమైన అవరోధం చాలా తక్కువ. చాలాచోట్ల అది శాతంలో పదోవంతు మాత్రమే ఉంటుంది. ముందు చెప్పిన లెక్క ప్రకారం, ఒకసారి కదిలితే నూరుకు పైగా ఊపుల తరువాత గాని ఆ కదలిక సగానికి రాదు.

గాలి ఒక్కటే వీచినప్పుడు కదలని కేబుళ్ళు గాలీ వానా కలిసినప్పుడు పెద్దగా ఊగడాన్ని 1980 దశకంలో జపాన్‌లోని మెయికో నిషి వంతెన దగ్గర గమనించారు. వాన నీరు కేబుల్ తొడుగు వెంట సన్నని ధారగా జారుతుంది. మధ్యరకపు గాలి ఆ ధారను కేబుల్ పైభాగాన నిలిపి ఉంచుతుంది. గుండ్రని కేబుల్‌కు ఆ నీటిధార ఒక గట్టులా ఏర్పడి, గాలి దానిని పట్టుకొనే తీరునే మార్చివేస్తుంది. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్ నగరంలో 1996 సెప్టెంబర్‌లో ప్రారంభమైన ఎరాస్మస్ వంతెన, రెండు నెలలైనా గడవకముందే నవంబర్‌లో వచ్చిన గాలివానకు కేబుళ్ళు ఊగడంతో ఇబ్బందుల పాలైంది. తరువాత వాటికి డ్యాంపర్లను బిగించారు. వేలు మందమైనా లేని నీటిధార అంత పెద్ద వంతెనను కలవరపెట్టింది. నీరు ఒకేచోట ధార కట్టకుండా కేబుల్ తొడుగు మీద మరచుట్ల వంటి సన్నని గట్లను ఏర్పరచడం, దూలాన్ని కలిసేచోట డ్యాంపర్లను అమర్చడం నేడు ఇటువంటి వంతెనలలో సాధారణం.

కేబుల్ ఊగినంత మాత్రాన తెగదు. అసలు హాని మెల్లగా జరుగుతుంది. ఇనుప తీగను రెండు చేతులతో పట్టి అటూ ఇటూ వంచుతూ పోతే ఏ బలమూ లేకుండానే కాసేపటికి తెగిపోతుంది. దీనిని లోహపు అలసట అంటారు. కేబుల్ కొసలు లంగరు వేసిన చోట ప్రతి ఊపూ తీగను అణుమాత్రంగా వంచుతుంది. అక్కడికి తేమ చేరితే తుప్పు తోడవుతుంది. రెండూ లోపలివే, బయటికి కనబడవు. గుజరాత్‌లోని మోర్బీలో 2022 అక్టోబర్ 30న వేలాడే వంతెన కూలి 135 మంది మరణించినప్పుడు, కొందరు యువకులు దానిని ఊపడం వల్లనే కూలిందన్న మాట ముందుగా ప్రచారమైంది. ప్రత్యేక దర్యాప్తు బృందం పరిశీలించగా ప్రధాన కేబుల్‌లోని 49 తీగలలో 22 అప్పటికే తుప్పుపట్టి ఉన్నాయని తేలింది. బ్రౌటన్‌లోని బోల్టు వలెనే ఇక్కడ కూడా లోపం జనం రాకముందే ఉంది. ఊపును నిందించడం సులభం. తీగను విప్పి చూడడం కష్టం.

ఆ కష్టమైన పని దుర్గం చెరువు వంతెన మీద 2023 ఏప్రిల్‌లో జరిగింది. ఇంజనీర్లు రూపొందించిన నిర్వహణ నియమావళిని అనుసరించి, స్టే కేబుళ్ళను పరీక్షించడానికి కొన్ని రోజుల పాటు రాకపోకలను పూర్తిగా నిలిపివేశారు. భారీ క్రేన్లను వంతెన మీదికి చేర్చారు. జూబ్లీహిల్స్ నుంచి మాదాపూర్‌కు పోయే ఉద్యోగులు, షూటింగులకు తరలే యూనిట్ల వాహనాలు చుట్టుదారులు పట్టాయి. కూడళ్ళలో వాహనాలు బారులు తీరాయి. మూడేళ్ళయినా నిండని వంతెనకు అప్పుడే మరమ్మతులేమిటని విసుక్కున్నవారూ ఉండే ఉంటారు. అది మరమ్మతు కాదు, పరీక్ష. ఆ పరీక్షలు పూర్తయ్యాక దారి మళ్ళీ తెరుచుకుంది.

ప్రశ్నలు

1. అనునాదానికీ, ఫ్లట్టర్‌కూ గల భేదాన్ని తంబురా, ఫిడేలు ఉపమానాల ఆధారంగా వివరించండి.

2. మిలీనియం వంతెన మీద నడిచినవారు ‘తెలియకుండా కవాతు చేశారు’ అనడంలోని అంతరార్థమేమిటి?

3. ‘అనునాదాన్ని అణచడానికి అనునాదాన్నే నియోగించడం’ – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.

4. మీ ప్రాంతంలోని ఒక వంతెనను పరిశీలించి, అది ఎక్కడ, ఎప్పుడు అదురుతున్నదో పది వాక్యాలలో రాయండి.